వాటా చేరని ఇల్లు: ఒక దోపిడీ స్క్రిప్ట్‌లో కట్టుబాటు, పగ (కేస్ స్టడీ)

దోపిడీ కథలో దొంగలకు ఒక నీతి ఉండాలని ప్రతి రచయితకూ తెలుసు. ఆ నీతి ఎందుకు పుట్టింది, దాన్ని తప్పినవాడు ఏం చెల్లిస్తాడు అన్న రెండు ప్రశ్నలు తేలకుండానే చాలా స్క్రిప్టులు నరేషన్‌కి (కథ చదివి వినిపించడానికి) వెళ్తాయి. ఈ స్క్రిప్ట్ కూడా అలాగే వెళ్లింది. మొదటి సగం విన్నవాళ్లు కదలకుండా విన్నారు. రెండో సగం మధ్యలో ఫోన్లు బయటికొచ్చాయి. పగ బయటపడే క్లైమాక్స్‌లో ఒకాయన అడిగింది ఒక్కటే: "ఇంతకీ ఇతనికి ఎందుకంత కోపం?"

ఇంకా తెరకెక్కని స్క్రిప్ట్ కాబట్టి పేరు, రచయితల పేర్లు ఇవ్వడం లేదు. చెన్నై సాలిగ్రామంలో తెలుగు రచయితల సిట్టింగుల్లో తయారైంది. కథాస్థలం ఉత్తర చెన్నై: షావుకారుపేట, కొండిత్తోపు, వ్యాసర్పాడి, పెరంబూరు. ముఖ్య పాత్రలు అక్కడి తెలుగువాళ్లే. పాత్రలను ఇక్కడ పనిపేర్లతోనే పిలుస్తాం: పెద్దాయన (పథకం వేసేవాడు), డ్రైవర్, తాళాలాయన, గుమాస్తా (నగల దుకాణంలో లోపలి మనిషి), కుర్రాడు.

మొదటి డ్రాఫ్ట్ పరిస్థితి

148 పేజీలు, 92 సీన్లు. అక్షయ తృతీయ ముందు రాత్రి షావుకారుపేట నగల దుకాణంలో దోపిడీ. 17వ పేజీలో పెద్దాయన తన మనుషులను కూర్చోబెట్టి ఏడు నియమాలు చెబుతాడు. ఆ సీన్ నాలుగు పేజీలుంది. ఆ ఏడింటిలో ఐదు నియమాలు తర్వాత కథలో ఎక్కడా అక్కరకు రావు. 58వ పేజీలో కుర్రాడు వాచ్‌మన్‌ని కాలుస్తాడు, అదే ఇంటర్వెల్. 131వ పేజీలో డ్రైవర్ తుపాకీ తీసి, పెద్దాయన పాత దోపిడీలో చనిపోయిన ఇంకో వాచ్‌మన్ కొడుకును తానేనని చెబుతాడు. తొమ్మిది పేజీల ఫ్లాష్‌బ్యాక్ తర్వాత కాలుస్తాడు. సినిమా అయిపోతుంది.

ఇందులో మూడు లోపాలున్నాయి, మూడూ ఒకే వేరు నుంచి వచ్చినవి.

మొదటిది, నియమాలను చెప్పడమే తప్ప పాటించడం కనపడదు. నియమాన్ని పాటించడం ఒకసారి, దానికోసం నష్టపోవడం ఒకసారి చూస్తేనే ప్రేక్షకుడికి అది గుర్తుంటుంది. రెండోది, పగకు ఆ నియమాలతో సంబంధం లేదు. డ్రైవర్‌కి ఏ ఉద్యోగం ఇచ్చినా, పెద్దాయన ఏ వ్యాపారం చేసినా ఆ ఫ్లాష్‌బ్యాక్ అతుకుతుంది. అలా ఎక్కడైనా అతికేది ఈ కథకు పనికిరాదు. మూడోది, "ప్రాణం తీయొద్దు" అనే పెద్దాయన చేతిలో గతంలో ఒక ప్రాణం పోయింది. అతను మారిన మనిషా, అబద్ధాలకోరా? రాసినవాళ్లకే తెలియదు. అడిగితే ఒక్కో రచయిత ఒక్కో జవాబిచ్చారు.

ఏడు నియమాలు మూడయ్యాయి

ప్రతి నియమం పక్కన "ఇది లేకపోతే ఎవరికి, ఎంత నష్టం?" అని ఒక్క వాక్యం రాయమన్నారు. వాక్యం రానివన్నీ కొట్టేశారు. "పనికి ముందు తాగొద్దు", "ఆడవాళ్లను కలపొద్దు" లాంటివి ఇక్కడే పోయాయి. మిగిలినవి మూడు: స్పాట్‌లో నలుగురికి మించొద్దు, చెయ్యి లేవకూడదు, పట్టుబడ్డవాడి వాటా వాడి ఇంటికి చేరాలి.

మొదటి రెండు నియమాల్లో ఎంత బలముందో క్రిమినల్ లాయర్‌తో చదివించాకే తెలిసింది. ఎవరినీ కొట్టకుండా, బెదిరించకుండా సొత్తు తీసుకుపోతే అది దొంగతనం. దానికి బలప్రయోగమో తక్షణ ప్రాణభయమో తోడైతే దోపిడీ. ఆ దోపిడీని ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చేస్తే బందిపోటు దోపిడీ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 310వ సెక్షన్. పాత ఐపీసీలోనూ లెక్క ఐదే. ఆ దోపిడీ చేస్తూ ఐదుగురిలో ఒక్కడు హత్య చేసినా మిగతా నలుగురికీ అదే శిక్ష: మరణశిక్ష, లేదా యావజ్జీవం, లేదా పదేళ్లకు తగ్గని కఠిన కారాగారం. ఇది తెలిశాక "నలుగురే" అన్న మాటకు వేరే బరువు వచ్చింది. మెట్టుమెట్టుకీ కాపలా కాసినట్టు, పెద్దాయన ఒక్కో నియమంతో ఒక్కో సెక్షన్‌ని ఆపుతున్నాడు. వినేవాడికి అది నీతిలా వినిపిస్తుంది. అతనికది పాతికేళ్ల అనుభవం నేర్పిన జాగ్రత్త. రెండూ ఒకే మాటలో ఇమిడినప్పుడే ఆ పాత్రను నమ్ముతాం.

ఇక్కడ జాగ్రత్త పడాల్సిన చిన్న విషయం ఒకటుంది. ఆ లెక్కలోకి స్పాట్‌లో ఉండి సాయపడేవాళ్లు కూడా వస్తారు. వీధిలో బండి సిద్ధంగా ఉంచుకున్న డ్రైవర్ లెక్కలో ఉన్నట్టే. ఇంట్లో కూర్చున్న గుమాస్తా ఈ ఐదుగురిలోకి రాడు, అతని మీద కేసు వేరే దారిలో వస్తుంది. మొదటి డ్రాఫ్ట్‌లో ఏడుగురు లోపలికి వెళ్లేవారు. ఇప్పుడు పథకం ప్రకారం పెద్దాయన, తాళాలాయన, ఇంకో మోతమనిషి, బయట డ్రైవర్: నలుగురు. ఆ రాత్రి తాళాలాయన చేతిసాయానికని కుర్రాణ్ణి వెంట తెస్తాడు. పెద్దాయన మెట్ల మీద ఆగి వేళ్లు మడిచి లెక్కపెడతాడు, డైలాగ్ లేదు. ఐదో వేలు మడిచాక రెండు సెకన్లు అలాగే నిలబడతాడు. వెనక్కి తిరగాల్సిన చోటు అదే. తిరగడు. కాసేపటికి ఆ కుర్రాడే భయంతో ఇనుపరాడ్డు ఎత్తి వాచ్‌మన్ తల మీద కొడతాడు. తుపాకీ తీసేశారు. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) వాచ్‌మన్ స్పృహ లేకుండా ఉన్నంతకాలం అందరి మెడా ఆ మనిషి ఊపిరికి కట్టి ఉంటుంది. రెండో సగానికి గడియారం అదే. విడిగా డెడ్‌లైన్ కల్పించాల్సిన పని తప్పింది.

మూడో నియమం మీదే సినిమా అంతా నిలబడింది. పట్టుబడ్డవాడి ఇంటికి వాటా ఎందుకు పంపాలి? వాడి నోరు తెరుచుకోకుండా ఉండటానికి. భార్యాబిడ్డలు తింటున్నారని తెలిస్తే లోపలున్నవాడు ఓర్చుకుంటాడు. ఇల్లు ఎండిపోయిందని తెలిసిన రోజు ఓర్పు పోతుంది. దయ, స్వార్థం కలిసి పుట్టించిన నియమమిది. పగ పుట్టాల్సిందీ ఇక్కడే.

దొంగ తన కట్టుబాటును తానే చెప్పుకోవడం మనకు కొత్త కాదు. శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుడు రాత్రి గోడకు కన్నం వేసి వచ్చాక తాను ఎవరి సొమ్ము ముట్టడో లెక్కచెబుతాడు. ఆ రాత్రి అతను ఎత్తుకెళ్లే నగల మూట ప్రేమించిన మనిషిని విడిపించడానికి. తర్వాత అవి ఎవరివో తెలిసి చిక్కులో పడతాడు. అంటే అతను పెట్టుకున్న కట్టుబాటే చివరికి అతన్ని తిరిగి లాగుతుంది. ఈ స్క్రిప్ట్‌లో కొరవడిన ఆ లాగుడు మూడో నియమంతో దొరికింది.

బరువు లెక్క

ఇది చిన్న విషయంలా కనిపించినా పంపకం సీన్ దీని మీదే నిలబడుతుంది. మొదటి డ్రాఫ్ట్‌లో ఇద్దరు మనుషులు రెండు బ్యాగుల్లో 200 కిలోల బంగారం భుజాన వేసుకుని మేడల మీద దూకుతారు. బంగారం సాంద్రత ఘనసెంటీమీటరుకు 19.3 గ్రాములు. 200 కిలోల మేలిమి బంగారం పదిన్నర లీటర్ల లోపే ఉంటుంది, అంటే మామూలు బకెట్‌లో సగం. చూడటానికి అంతే, ఎత్తడానికి నలుగురు కావాలి. తెర మీద ఖాళీ సూట్‌కేసు ఊపుకుంటూ నడిచే నటుణ్ణి ప్రేక్షకుడు ఇట్టే పట్టేస్తాడు.

మొత్తాన్ని 40 కిలోలకు తగ్గించారు. ఐదు వాటాలు, ఒక్కొక్కరికి 8 కిలోలు. కాసుకు 8 గ్రాముల చొప్పున అది సరిగ్గా వెయ్యి కాసులు. "ఎనిమిది కిలోలు" అంటే వార్తలా ఉంటుంది. "వెయ్యి కాసులు" అంటే ఆ ఇళ్లలో ఆడవాళ్లకు కూడా చప్పున అర్థమయ్యే మాట. ఆ తర్వాత స్క్రిప్ట్ అంతటా వాటాని కాసుల్లోనే చెప్పించారు.

కరిగించే సీన్‌లో మూస (బంగారం కరిగించే పాత్ర), వెలిగారం, కొలిమి ఉన్నాయి. ఉష్ణోగ్రతలు, పద్ధతి వివరంగా చూపాల్సిన అవసరం లేదు. కావాల్సింది తరుగు గురించిన ఒక్క మాట. లక్క నింపిన నగ, రాళ్ల నగ కరిగిస్తే బరువు తగ్గుతుంది. ఒట్టి గొలుసు అలా తగ్గదు. డ్రైవర్ ఇంట్లో బంగారు పని ఉండేది. తూకంలో తక్కువొచ్చినప్పుడు తాళాలాయన "తరుగు" అంటాడు. డ్రైవర్ మూసలోకి ఒకసారి చూసి ఊరుకుంటాడు. పెద్దాయన డ్రైవర్‌ని చూస్తాడు. తాళాలాయన చేతివాటం అక్కడే తెలిసిపోతుంది. డ్రైవర్ ఎవరింటివాడో పెద్దాయనకు తెలుసన్న మొదటి సూచన కూడా అదే. అది మొదటిసారి చూసేవాళ్లకు కనపడనక్కర్లేదు.

వాహనం కూడా మారింది. షావుకారుపేటలోని మింట్ స్ట్రీట్ సందుల్లోకి పెద్ద ఎస్‌యూవీ తీసుకెళ్లడం ఆ వీధి చూడనివాళ్లు రాసిన మాట. తెల్లవారుజామున ఆ సందుల్లో ఎవరూ తిరిగి చూడనిది మీన్‌పాడి బండి (సరుకు మోసే మూడు చక్రాల బండి). సరుకు దాని మీద వెళ్తుంది, డ్రైవర్ వ్యాన్ ఖాళీగా వేరే దారిన వెళ్తుంది.

పగను తిరిగి కట్టడం

వాచ్‌మన్ కొడుకు కథ పూర్తిగా తీసేశారు. కొత్త నిర్మాణం ఇది.

2016 సెప్టెంబరులో పెద్దాయన చేసిన ఒక పనిలో డ్రైవర్ అన్న పట్టుబడ్డాడు. ఒక్క పేరూ చెప్పలేదు. పుళల్ జైల్లో శిక్ష పూర్తికాకముందే జబ్బుచేసి చనిపోయాడు. (మొదట దీన్ని పార్క్‌టౌన్ పాత సెంట్రల్ జైలుగా రాశారు. పుళల్ జైలు 2006లోనే మొదలైంది, పాతదాన్ని కూల్చేశారు. చెన్నై ప్రేక్షకుడు అక్కడే సినిమా నుంచి బయటికొచ్చేస్తాడు.) వాటా ఇంటికి చేరలేదు. డ్రైవర్ వదిన వ్యాసర్పాడిలో ఒకే గది అద్దె ఇంట్లో ఉంటోంది. నీళ్లు సరిగా రాకపోయినా, అద్దె పెరిగినా, తొమ్మిదేళ్లుగా ఇల్లు మారదు. మరిది అడిగితే ఒకటే జవాబు: "అడ్రస్ మారితే తెచ్చేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?"

ఈ ఒక్క వాక్యం కోసం మూడు సిట్టింగులు పట్టింది. మొదట అమ్మకు కిడ్నీ జబ్బు పెట్టారు, తర్వాత చెల్లెలి పెళ్లి ఆగిపోయింది. అవి జాలి పుట్టిస్తాయి, అంతే. వదిన ఇల్లు మారకపోవడంలో మాత్రం ఆ కట్టుబాటు మీద నమ్మకం ఉంది. దాన్ని దొంగలకంటే గట్టిగా పట్టుకున్న మనిషి ఆమె. పగ తీవ్రత ఆమె నమ్మకంలోంచే వస్తుంది.

వాటా ఎందుకు చేరలేదు? పెద్దాయన దాచిన 30 లక్షలు వెయ్యి నోట్ల కట్టలు, ముప్ఫై. పోలీసుల వేడి తగ్గాక ఇద్దామని ఆగాడు. 2016 నవంబరు 8 రాత్రి అవి చిత్తుకాగితాలయ్యాయి. బ్యాంకులో కట్టడానికి డిసెంబరు 30 దాకా గడువుంది, కానీ దొంగసొమ్ము ఎవరి పేరున కడతాడు? ఈ కారణం విన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: తర్వాతి పనుల డబ్బుతో ఎందుకివ్వలేదు? రచయితలు దీనికి సాకులు వెతికారు. సాకు పెట్టకపోవడమే సరైనది. నోట్ల రద్దు ఆలస్యానికి కారణమైంది, ఆ తర్వాతి మౌనం అతని తప్పు. ఒకసారి ఆ వీధి మూల దాకా వెళ్లి, వదినను దూరం నుంచి చూసి, తలుపు తట్టలేక తిరిగొచ్చాడు. సిగ్గుతో చేసిన ఆ తప్పు వల్లే అతను విలన్ కాకుండా మిగిలాడు. ఆ తర్వాత నుంచి మూడో నియమాన్ని అతను ఒక్కసారి కూడా తప్పలేదు.

దీంతో 17వ పేజీలోని నియమాల సీన్ పోయి, దాని స్థానంలో మాటల్లేని సీన్ వచ్చింది. జైల్లో ఉన్న ఇంకెవరిదో ఇంటి ముందు డ్రైవర్ కారు ఆపుతాడు. పెద్దాయన గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, పొట్లం ఇచ్చి, నీళ్లు కూడా తాగకుండా వస్తాడు. డ్రైవర్ అద్దంలో చూస్తుంటాడు. మొదటిసారి చూసేవాళ్లకు పెద్దాయన మంచివాడని తెలుస్తుంది. కథ తెలిశాక అదే సీన్‌లో డ్రైవర్ ముఖం చూడలేం. ఒకటింబావు పేజీ. నాలుగు పేజీల సంభాషణ చేయలేని పని ఇది చేసింది.

ఇంకో రంధ్రం మిగిలింది. ఇంత జాగ్రత్త మనిషి పూర్వాపరాలు చూడకుండా ఒక డ్రైవర్‌ని పెట్టుకుంటాడా? దీన్ని కప్పిపుచ్చడానికి దొంగ చిరునామా, దొంగ పేరు అని రెండు సీన్లు రాశారు. మూడో సిట్టింగులో ఒకరు ఎదురు ప్రశ్న వేశారు: తెలిసే పెట్టుకున్నాడంటే? అంతే, రంధ్రమే కథకు వెన్నెముక అయింది. బాకీ ఉన్న ఇంటి కుర్రాడని తెలిసే పెద్దాయన అతన్ని పక్కన పెట్టుకున్నాడు. చెప్పలేకపోయాడు. వాటాల గురించి ఒకరి ముందు ఒకరు మాట్లాడకూడదన్నది ఆ ముఠా అలవాటు కూడా. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ మాట్లాడరు.

నువ్వు, మీరు

ఇంటర్వెల్ 66వ పేజీకి వచ్చింది. కొండిత్తోపులో కొలిమి పెట్టిన చోటికి పోలీసులు దగ్గరపడుతుంటే మిగతావాళ్లను పంపించడానికి పెద్దాయన ఎదురెళ్లి దొరికిపోతాడు. వెళ్లేముందు గది తాళంచెవి డ్రైవర్ చేతిలో పెట్టి, "నా వాటా ఇంట్లో ఇచ్చెయ్యి రా" అంటాడు.

అప్పటిదాకా డ్రైవర్ అతన్ని "బాబాయ్, నువ్వు" అనే పిలిచాడు. ఇక్కడ జవాబు: "ఇస్తానండి."

తెలుగు వినేవాడికి ఆ "అండి" చాలు. దగ్గరి మనిషికి హఠాత్తుగా మర్యాద ఇవ్వడం మనలో తలుపు వేసేయడమే. పెద్దాయనకు అర్థమవుతుంది, అయినా తాళంచెవి వెనక్కి తీసుకోడు. తర్వాతి షాట్‌లో డ్రైవర్ వదిన ఇంటి గడప మీద కూర్చుని ఉంటాడు, లోపల అన్న ఫోటో. ఇంటర్వెల్ కార్డు.

దీనికి రెండు అభ్యంతరాలొచ్చాయి. ఒకటి, ఇంటర్వెల్‌కి పెద్ద చప్పుడు లేదని. చప్పుడు 58వ పేజీలో రాడ్డు దెబ్బతో అయిపోయింది. ప్రేక్షకుడు బయటికెళ్లేటప్పుడు మోసుకెళ్లాల్సింది ఒక ప్రశ్న, అది ఇక్కడుంది. రెండోది ఇంకా గట్టిది: "అండి" పట్టుకోలేని వాళ్ల సంగతేమిటని. తమిళంలో 'నీ', 'నీంగ' తేడాతో సరిగ్గా వస్తుంది. సబ్‌టైటిల్స్‌లో మాయమవుతుంది. అందుకని మొదటి సగంలో "బాబాయ్" అన్న పిలుపును పద్నాలుగు చోట్ల నిలబెట్టి, ఇంటర్వెల్ తర్వాత ఒక్కచోట కూడా రానివ్వలేదు. పిలుపు ఆగిపోయిందని ఏ భాషవాళ్లయినా గమనిస్తారు.

డైలాగు విషయంలో ఇంకో దిద్దుబాటు. మొదటి డ్రాఫ్ట్‌లో అందరూ కోస్తా సినిమా యాసలో మాట్లాడతారు. తరాలుగా ఉత్తర చెన్నైలో ఉన్న తెలుగు ఇళ్లలో "సరే" చోట "సెరి" వస్తుంది, మధ్యలో తమిళ మాట దొర్లుతుంది. పోలీసు మాటలూ అంతే. చెన్నైలో మన సీఐ ఉండడు. స్టేషన్‌లో శాంతిభద్రతలకు ఒక ఇన్‌స్పెక్టర్, క్రైమ్‌కి వేరే ఇన్‌స్పెక్టర్. స్టేషన్లకు అక్షరం, అంకె ఉంటాయి: సి-2 ఎలిఫెంట్ గేట్ లాగా. పంచనామాను అక్కడ మహజర్ అంటారు.

రెండో సగం: తుపాకీ లేని ప్రతీకారం

డ్రైవర్ ఏం చేయాలి? మూడు దారులు బోర్డు మీద పెట్టారు. చంపడం: రెండో నియమం తప్పుతాడు, కానీ దానివల్ల అతనికి పోయేది ఏమీ లేదు, ప్రేక్షకుడికి కొత్తా కాదు. క్షమించడం: వదిన తొమ్మిదేళ్లు గాలికి పోతాయి. పోలీసులకు చెప్పడం: అన్న ప్రాణం పోయినా తెరవని నోటిని తమ్ముడు తెరిచినట్టవుతుంది.

నాలుగోది ఎంచుకున్నారు. ఏమీ చేయకపోవడం. పెద్దాయన వాటాను అతని ఇంటికి ఇవ్వడు. తన ఇంటికి ఏం జరిగిందో సరిగ్గా అదే అతని ఇంటికి జరగనిస్తాడు. రక్తం చుక్క పడదు, మూడో నియమం మాత్రం చస్తుంది. ఆ నియమం ఆపుతూ వచ్చిన ప్రమాదమే మీదపడుతుంది: ఇంటికి వాటా చేరలేదని తెలిసిన రోజు పెద్దాయన నోరు విప్పుతాడు.

ఇక్కడ మొదట "అప్రూవర్‌గా మారతాడు" అని రాశారు. లాయర్ కొట్టేశారు. పథకం వేసిన ముఖ్య నిందితుడికి క్షమాపణ ఇచ్చి సాక్షిగా నిలబెట్టడం మామూలుగా జరిగే పని కాదు, చిన్న పాత్ర ఉన్నవాణ్ణే చూసుకుంటారు. దానికన్నా సరళమైన దారి ఉంది. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. కానీ నిందితుడు చెప్పిన మాటను బట్టి ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సూటిగా సంబంధించిన మాట మేరకు చెల్లుతుంది. పాత సాక్ష్యాధారాల చట్టంలో 27వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి పెద్దాయన పేర్లేవీ చెప్పక్కర్లేదు. సరుకున్న గది ఎక్కడుందో ఒక్క వాక్యం చెబితే చాలు. 104వ పేజీలో ఆ వాక్యం తప్ప ఇంకేమీ లేదు.

అప్పటిదాకా డ్రైవర్ ఖాళీగా ఉండకూడదు. రెండో డ్రాఫ్ట్‌లో వచ్చిన పెద్ద జబ్బు ఇది: పగ తీర్చుకునేవాడు చేసేది "చేయకపోవడం" కాబట్టి వరసగా ఐదు సీన్లు అతను కూర్చునే ఉన్నాడు. పరిష్కారం: మిగతావాళ్ల వాటాలన్నీ అతనే కచ్చితంగా తూచి, ఒక్క గ్రాము తేడా లేకుండా ఇళ్లకు చేరుస్తాడు. తాళాలాయన దాచిన తరుగును కూడా కక్కిస్తాడు. ఒక్క ఇంటి ముందు మాత్రం బండి ఆపడు. ఆపని ఇల్లు కనిపించాలంటే ఆపిన ఇళ్లు ముందు కనిపించాలి.

పెద్దాయన కూతుర్ని మొదట జీహెచ్‌లో నర్సుగా పెట్టి, వాచ్‌మన్‌కి సేవ చేయించారు. కాకతాళీయం మరీ ఎక్కువైందని తీసేశారు. ఇప్పుడామె 88వ పేజీలో అటక మీద బిస్కెట్ డబ్బా తెరుస్తుంది. లోపల చెల్లని వెయ్యి నోట్ల కట్టలు ముప్ఫై, చీటీ మీద వ్యాసర్పాడి అడ్రసు. ఆమె ఆ ఇంటికి వెళ్తుంది. అడ్రస్ మారలేదు కాబట్టి దొరుకుతుంది. ఇద్దరు ఆడవాళ్ల మధ్య డబ్బా ఉంటుంది. వాటా ఉందనీ, దాన్ని వేరుగా కట్టి పేరు రాసి పెట్టారనీ వదినకు తెలుస్తుంది. డ్రైవర్‌కి తెలియదు. ఈ క్రమం మీద వాదన చాలా జరిగింది. డ్రైవర్‌కి ముందే తెలిస్తే అతని నిర్ణయం క్రూరమవుతుంది, ఎవరికీ తెలియకపోతే చివరికొచ్చే ట్విస్ట్ అవుతుంది. ప్రేక్షకుడికీ వదినకూ తెలిసి, అతనికి తెలియకుండా ఉన్న ఇరవై పేజీలే ఈ సినిమాలో అసలు ఉత్కంఠ.

110వ పేజీలో డ్రైవర్ ఆ వెయ్యి కాసులు తెచ్చి వదిన ముందు పెడతాడు. ఆమె ముట్టుకోదు. "ఇది మీ అన్న వాటా కాదు. ఎవరింటిదో అక్కడ ఇచ్చిరా." ఆమె డబ్బా సంగతి అప్పుడు చెబుతుంది. అతను పెరంబూరు బయల్దేరతాడు. పెద్దాయన వాక్యం అప్పటికే బయటపడింది. వీధి చివర, ఆ ఇంటికి మూడు గుమ్మాల దూరంలో అతన్ని పట్టుకుంటారు, పొట్లం చేతిలోనే ఉంటుంది.

పోలికలు

సిట్టింగుల్లో రెండు సినిమాలు తరచూ చర్చకొచ్చాయి. 1955 నాటి ఫ్రెంచి చిత్రం రిఫిఫీలో తాళాల నిపుణుడు దోపిడీ సొత్తులో ఉంగరం ఒకటి తీసి ఒకామెకు ఇస్తాడు. దాంతో గుట్టు బయటపడి, ప్రాణభయంతో తోటివాళ్ల పేరు చెబుతాడు. నాయకుడు అతన్ని ఇష్టపడుతూనే నియమం ప్రకారం చంపుతాడు. 1995 నాటి హీట్‌లో ముప్ఫై సెకన్లలో వదిలేసి పోలేని దేన్నీ దగ్గరకు రానివ్వకూడదన్న నాయకుడు, తప్పించుకునే దారిలో ఉండి కూడా ద్రోహిని చంపడానికి కారు తిప్పుతాడు. అక్కడే అతని చావు మొదలవుతుంది. ఈ రెండూ చూసినవాళ్లు మన డ్రైవర్ కూడా కారు తిప్పితే రెండోదాన్ని గుర్తుచేసుకుంటారు. అందుకే డ్రైవర్ పెరంబూరుకు కారులో వెళ్లడు. వ్యాసర్పాడి నుంచి నడిచి వెళ్తాడు, చేతిలో ఎనిమిది కిలోల పొట్లం, అరచేతులు మారుస్తూ. బరువు లెక్క మళ్లీ ఇక్కడ పనికొచ్చింది.

తాళం పగలగొట్టే సీన్ 14 పేజీల నుంచి 6కి తగ్గింది. నేరం చేసే పద్ధతిని చూపకూడదన్న 1991 సెన్సార్ మార్గదర్శకం ఒక కారణం. ఈ కథ తాళం గురించి కాదన్నది అంతకంటే పెద్ద కారణం. తాళాలాయన పాత్రధారికి అది నచ్చకపోవచ్చు, అయినా అలాగే ఉండాలి.

కొత్త డ్రాఫ్ట్ నరేషన్‌లో తేలినవి

121 పేజీలు, 74 సీన్లు. ఫ్లాష్‌బ్యాక్ లేదు. మొదటిసారి విన్న ఎనిమిది మందిలో ముగ్గురు డ్రైవర్‌ని మారువేషంలో ఉన్న పోలీసు అనుకున్నారు. అతని నిశ్శబ్దమే కారణం. 30వ పేజీలో చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ టార్చి వేసినప్పుడు అతని చేతులు వణికే ఒక్క ముక్క చేర్చారు, అనుమానం పోయింది. పెద్దాయన గది చూపించడం ద్రోహమా, న్యాయమా అన్నదాని మీద విన్నవాళ్లు రెండుగా చీలి వాదించుకున్నారు. దాన్ని దిద్దలేదు.

దిద్దాల్సింది ఇంకొకటి దొరికింది. మూడు నియమాలూ దొంగల ఇళ్ల గురించే. వాచ్‌మన్ ఇంటికి ఎవరి వాటా వెళ్లాలో ఏ నియమమూ చెప్పదు. 79వ పేజీ తర్వాత స్క్రిప్టే అతన్ని మరిచిపోయింది. విన్న ఒకావిడ అడిగారు: "ఆయన బతికాడా?" అప్పుడు 118వ పేజీలో ఒక సీన్ చేర్చారు. జీహెచ్ వార్డు బయట అతని భార్య, డ్యూటీ సంచి, కడగని టిఫిన్ క్యారియర్. లోపల అతను కళ్లు తెరిచి, ఆమెను ముందు అడిగేది ఆ రాత్రి డ్యూటీకి ఎవరిని పెట్టారని. సినిమా ఈ సీన్‌తో ముగియాలా, పెరంబూరు వీధిలో డ్రైవర్‌తో ముగియాలా అన్నది ఎడిటింగ్ టేబుల్ దాకా తేల్చకూడదని, రెండూ పూర్తిగా తీయాలని షెడ్యూల్‌లో రాసుకున్నారు.